పెద్దసారు పట్టుకుపోయిన పేజీ

గంటక్క ఏ రోజైనా ఎవరినీ తిట్టకపోతే నీళ్ళ ఆఫీసులో అందరికీ కంగారు పుట్టేది. "ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా?" అంటూ వాల్వులు తిప్పే ముసలాయన గుమ్మంలోంచి తొంగిచూసేవాడు. "నా ఒళ్ళు బాగానే ఉంది. నీ స్కూలు వీధి వాల్వే బాగాలేదు, పోయి చూడు" అనేది. అప్పటికి గాని ఆయన మనసు కుదుటపడేది కాదు.

ఆమె గొంతు అలా తయారవడానికి కారణం అత్తగారు. ఆవిడకు రెండు చెవులూ వినపడవు. పెళ్ళైన కొత్తలో కోడలు మెల్లగా మాట్లాడితే, "నోట్లోనే గొణుక్కుంటోంది, నన్నే తిడుతోంది" అని అలిగి అన్నం మానేసేది. సరే వినపడేట్టే మాట్లాడదామని కోడలు గొంతు పెంచింది. అత్తగారు పోయి చాలా కాలమైంది గాని, పెరిగిన గొంతు మళ్ళీ దిగలేదు. మొగుడు దర్జీ. కుట్టుమిషను చప్పుడులో బతికిన మనిషి కాబట్టి ఆయనకు అదేమంత ఇబ్బంది అనిపించలేదు. ఆఫీసులో చేరాక గొంతుకు తగ్గ పేరు పడింది. వెనకాల గయ్యాళి అనేవాళ్ళూ ఉన్నారు. ఎదురుగా అనే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఫిర్యాదుల గది మెట్ల కింద ఉంది. అధికారులు బూట్లేసుకుని దడదడా దిగినప్పుడల్లా పైనుంచి సున్నం రాలి టేబుల్ మీద పడేది. ఆ సున్నం తుడుచుకుంటూ, ఫోనెత్తి "నీళ్ళు రాలేదు", "వచ్చాయి గాని ఆగిపోయాయి", "పైపు పగిలి వీధంతా చెరువైంది" అనేవన్నీ వినడం ఆమె ఉద్యోగం. ఒకరోజు పైనుంచి వచ్చి ఆ ఫోను పీకేసి, చేతిలో ఒక సెల్‌ఫోను పెట్టారు. ఫేస్‌బుక్కులో ఆఫీసుకు పేజీ తెరిచామనీ, ఇకమీదట జనం అందులోనే రాస్తారనీ, అందులోనే జవాబివ్వాలనీ చెప్పారు. ఏమని ఇవ్వాలో కూడా వాళ్ళే చెప్పారు: "మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపబడినది."

"ఇదొక్క ముక్క చెప్పడానికి నేనెందుకు? ఒక చిలకను తెచ్చుకోండి, జామపండు పెడితే చెబుతుంది" అంది గంటక్క.

ఆమె తన పద్ధతిలోనే రాసింది. గొంతులో ఎలా ఉందో వేళ్ళలోంచీ అలాగే దిగింది. మొదట్లో పెట్టిన వాటిలో ఒకటి ఇది: "రేపు పొద్దున మిల్లు వెనక వీధులకు నీళ్ళు రావు. మోటారు కాలిపోయింది. తప్పు మాదే. ఇవాళ సాయంత్రమే బకెట్లు నింపి పెట్టుకోండి. రేపు నన్ను తిట్టి లాభం లేదు."

జనం దాన్ని రెండుసార్లు చదివారట. ప్రభుత్వ ఆఫీసన్నది "తప్పు మాదే" అనడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. నవ్వుకున్నారు, పక్కవాళ్ళకు చూపించారు, పనిలోపనిగా బకెట్లూ నింపుకున్నారు. ఇలాంటిది నేర్పడానికి ఇప్పుడు పెద్ద పెద్ద హాళ్ళలో క్లాసులు పెడుతున్నారు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. అడిగినవాడికి జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి, కనుక్కుని చెబుతానంటే కనుక్కుని తీరాలి అనేది ఏ ఇంట్లోనైనా ఉండే బుద్ధి. ఆఫీసుల్లోకి వచ్చేసరికే అది ఎక్కడికి పోతుందో అంతుపట్టదు. గంటక్క "కనుక్కుంటా" అని రాసిందంటే వాల్వుల ముసలాయన ప్రాణం తోడేసి అయినా కనుక్కునేది. ఎవరైనా నోరు పారేసుకుంటే, "తిట్టు సరే, ముందు వీధి పేరు చెప్పు" అనేది. పోనుపోను ఊరు ఊరంతా ఆ పేజీలో చేరింది. క్షురకుడు కత్తెర పట్టేముందు, ఆసుపత్రి ఆయా దుప్పట్లు నానబెట్టేముందు, చివరికి బడిపిల్లలు కూడా దాన్నే చూసేవాళ్ళు.

వాళ్ళందరిలో పొద్దున్నే మొదట పలకరించేది ఒకమ్మాయి. ఫోటో ఉండాల్సిన చోట పసుపురంగు బాతు బొమ్మ పెట్టుకుంది. మిల్లుకు పనికిపోయే తల్లులు పిల్లల్ని వదిలివెళ్ళే ఇల్లొకటి మిల్లు వెనక నడుపుతోంది. "అక్కా, పిల్లలకు స్నానాలు చేయించాలి, నీళ్ళెప్పుడు?" అని రాసేది. "ఇంకాసేపట్లో. ఈలోపు ముక్కులు తుడువు" అని గంటక్క జవాబు. ముక్కులు తుడిచిన పిల్లల ఫోటో ఒకటి వచ్చేది. ఒకరినొకరు చూసుకున్నది లేదు, పేర్లడిగింది లేదు. అయినా బాతుబొమ్మ ఒక పూట పలకరించకపోతే గంటక్కకు కాఫీ సయించేది కాదు. తోడబుట్టినవాళ్ళు లేని మనిషి. ఆ పిల్ల మీద ప్రాణం పెట్టుకుంది.

ఇలా ఉండగా పెద్దసారు కంటపడింది ఆ పేజీ.

పెద్దసారంటే ఆఫీసుకంతటికీ అధికారి. అన్నాళ్ళూ ఆయనకు పేజీ అంటే ఏమిటో తెలియదు. ఏదో సమావేశంలో పైవాళ్ళెవరో "మీ నీళ్ళ ఆఫీసు పేజీ భలే ఉందయ్యా" అన్నారు. మర్నాడే మెట్లు దిగి ఫిర్యాదుల గదికి వచ్చాడు. ఆ గదిలో ఆయన కాలుపెట్టడం అదే మొదలు. ఆ రోజునుంచీ పేజీలో ఆయన ఫోటోలు మొదలయ్యాయి. పైపు పగిలిందంటే గోతి పక్కన తళతళలాడే బూట్లతో నిలబడి వేలు చూపిస్తూ ఆయన ఉండేవాడు. గోతిలో దిగి బురదలో పైపు బిగిస్తున్న ముసలాయన టోపీ మాత్రం కనపడేది, అదీ సగం. ప్రతి మాటకూ ముందు "గౌరవనీయులైన అధికారి గారి ఆదేశాల మేరకు" అన్న తోక తగిలించాలన్నారు. తోక తలకు తగిలిస్తారా ఎవరైనా? వీళ్ళు తగిలించారు.

అక్కడితో ఆగలేదు. సారు ఫోటో పడగానే ఆఫీసులో ప్రతివాడూ దాని కింద "శుభాకాంక్షలు సార్", "అభినందనలు సార్" అని రాయాలని మాట వచ్చింది. రాయనివాడి సెలవు చీటీ మీద సంతకం పడేది కాదు. జనం అమాయకులు కారు, గమనించారు. సారుకు దండం పెడితే మన వీధి వాల్వు ముందు తిప్పుతారని ఎవరో పుట్టించారు. అంతే, ఊరంతా అందుకుంది. ఏం రాశారో చదివే పనే లేదు. ఫోటో కనపడిందా, శుభాకాంక్షలు కొట్టు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టు, ముందుకు పో. గంటక్క అన్నాళ్ళూ కష్టపడి ఊరికి చదవడం అలవాటు చేసింది. పెద్దసారు చిటికెలో మానిపించాడు.

ఒకరోజు పిలిచి, భద్రత కోసమని, పేజీకి ఆఫీసు నంబరు తీసేసి తన సొంత నంబరు పెట్టించాడు.

"ఆఫీసు పేజీకి ఆఫీసు నంబరే ఉండాలి కదండీ" అంది గంటక్క.

"ఆఫీసంటే ఎవరమ్మా? నేనే కదా" అన్నాడు నవ్వుతూ.

కొన్నాళ్ళకు ఆయనను ఉద్యానవనాల శాఖకు మార్చారు. వీడ్కోలు సభలో అందరితో పాటు గంటక్క కూడా చప్పట్లు కొట్టింది, పీడ విరగడైందని కాస్త గట్టిగానే. సోమవారం వచ్చి ఫోను తెరిస్తే పేజీలోకి పోనివ్వదు, కోడ్ అడుగుతుంది. కోడ్ ఏమో పెద్దసారు ఫోనుకు పోతుంది. మధ్యాహ్నానికి పేజీ తలమీద నీళ్ళ ఆఫీసు పేరు పోయి పెద్దసారు పేరు వెలిసింది. బదిలీ అయినవాడు కుర్చీ పట్టుకుపోడు, ఫ్యాను పట్టుకుపోడు. ఈయన ఊరినే పట్టుకుపోయాడు. నీళ్ళ కబురు కోసం చేరిన జనమంతా రాత్రికి రాత్రి ఆయన అభిమానులైపోయారు, వాళ్ళకే తెలియకుండా.

"కుట్టింది నువ్వు, తొడుక్కుపోయింది ఆయన" అన్నాడు మొగుడు, సూదిలో దారం ఎక్కిస్తూ. ఆయన అన్న ఆ ఒక్క మాటకు గంటక్క కళ్ళు చెమర్చాయి. ఏడుపు రానివ్వకుండా గిన్నెలమీద పడి తోమింది, వంటింట్లో పిడుగులు పడుతున్నట్టు.

ఆయన స్థానంలో వచ్చిన కొత్తసారు మంచివాడే, పిల్లిని చూసినా పక్కకు తప్పుకునే రకం. "పెద్దవాళ్ళతో మనకెందుకక్కా, ఇంకో పేజీ తెరుచుకుందాం" అన్నాడు. తెరిచారు. అందులో ఆఫీసు వాళ్ళు చేరారు, వాళ్ళ బావమరుదులు చేరారు. ఇక చేరేవాళ్ళు లేకపోయారు. గంటక్క తన సొంత ఖాతాలోంచి పాత పేజీ కింద "నీళ్ళ ఆఫీసు కొత్త పేజీ ఇదీ, ఇటు రండి" అని రాసింది. కాసేపటికే దాన్ని తుడిచేసి, ఆమె మళ్ళీ అక్కడ రాయకుండా తలుపేశారు. చూడ్డానికి వీలుంది గాని నోరు విప్పడానికి వీల్లేదు. గంటక్కకు అంతకు మించిన శిక్ష ఏముంటుంది?

చూడకుండా ఉండలేదు. చూస్తే కడుపు మండేది. పెద్దసారు బంతిపూల మడి పక్కన, పెద్దసారు కొత్త బెంచీ మీద, పెద్దసారు గడ్డికోసే యంత్రం పక్కన. ఆ ఫోటోల కింద పొద్దున్నే బాతుబొమ్మ: "అక్కా, ఇవాళ నీళ్ళెప్పుడు?" ఆ పేజీలో ఎవరు ఏం రాసినా దానంతటదే ఒక జవాబు పడే ఏర్పాటు చేశారు: "మీ అభిమానానికి కృతజ్ఞతలు." నీళ్ళెప్పుడని అడిగిన పిల్లకు అభిమానానికి కృతజ్ఞతలు! గంటక్క ఆ పిల్లకు విడిగా రాసి చూసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసినవి ఏ మూలకు పోయి పడతాయో, చూసుకున్నట్టు లేదు. చూసినా కుట్టుమిషను బొమ్మ పెట్టుకున్న ఆడమనిషి ఎవరని పట్టించుకుంటుంది?

అలా రోజులు గడుస్తుండగా ఆ రోజు వచ్చింది.

పొద్దున ఆఫీసుకు పోయేసరికి కొత్తసారు మొహం పాలిపోయి ఉంది. మిల్లు వెనక మురుగుకాలవ దాటే చోట మంచినీళ్ళ పైపు చిట్లి, మురుగు లోపలికి పోయిందని నీళ్ళ పరీక్షల గదినుంచి కబురొచ్చింది. వాల్వు కట్టేశారు. కాని నిన్నటినుంచీ వదిలిన నీళ్ళు ఇళ్ళలో బకెట్లలో, డ్రమ్ముల్లో ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి చెప్పమని పంపిన మనుషులు గొయ్యి తవ్వే పనిలోనే ఇరుక్కుపోయారు. కొత్తసారు చెమటలు తుడుచుకుంటూ, ఒక్కొక్క మాటా దిద్దుకుంటూ, కొత్త పేజీలో హెచ్చరిక పెట్టి "హమ్మయ్య" అన్నాడు.

"హమ్మయ్య ఏంటి సార్? ఆ పేజీ చూసేది మనం. తాగేది వాళ్ళు" అంది గంటక్క.

అంటూనే అలవాటు కొద్దీ పాత పేజీ తెరిచింది. పెద్దసారు గులాబీ వాసన చూస్తున్న ఫోటో కింద బాతుబొమ్మ రాసింది: "అక్కా, నీళ్ళు కాస్త రంగు మారి వస్తున్నాయి. పిల్లలకు పట్టొచ్చా?"

దాని కింద జవాబు కూడా ఉంది. "మీ అభిమానానికి కృతజ్ఞతలు."

గంటక్కకు భయమేసింది. భయం వెనకే కోపం వచ్చింది, మామూలుగా వచ్చేది కాదు, గొంతు దాటి బయటికి రానంత కోపం. ఆ పిల్లల ఇల్లు ఎక్కడో తెలియదు. తెలిసినా అదొక్కటే కాదు, ఆ వీధుల్లో ఎన్ని ఇళ్ళు! వాళ్ళంతా ఉన్నది ఒక్కచోట, ఆ పాత పేజీలో. దాని తాళం ఒక్కడి చేతిలో. పెద్దసారు పీఏకు ఫోను చేసింది.

"సార్ ఉపన్యాసంలో ఉన్నారక్కా. మధ్యలో లేపితే నన్ను చంపేస్తారు."

"దేనిమీద ఉపన్యాసం?"

"ప్రభుత్వ శాఖలు సోషల్ మీడియాను సమర్థంగా వాడుకోవడం ఎలా అని. అన్ని శాఖల వాళ్ళూ వచ్చారు. సారే ముఖ్యవక్త."

గంటక్క ఫోను పెట్టేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరింది.

హాలు చల్లగా ఉంది. ప్రతి కుర్చీ ముందూ సీలు వేసిన నీళ్ళ సీసా ఉంది. వేదిక మీద పెద్దసారు, ఆయన వెనక గోడంత తెర. ఆ తెరమీద ఉన్నది చూసి గంటక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "మోటారు కాలిపోయింది. తప్పు మాదే. రేపు నన్ను తిట్టి లాభం లేదు." ఒక్కో అక్షరం అరచేయంత ఉంది.

"చూడండి, ప్రజలతో ఇలా మాట్లాడాలి" అంటున్నాడు పెద్దసారు. "మన తప్పును మనం ఒప్పుకోవాలి. ఇది రాసేటప్పుడు నేను ఎంతో ఆలోచించాను."

వేరే రోజైతే ఆ మాటకు హాలు పైకప్పు లేచిపోయేది. ఆ రోజు గంటక్కకు అంత తీరిక లేదు.

"సార్!" అంది. మైకుల అవసరం లేకపోయింది. తలలన్నీ ఇటు తిరిగాయి. "అది ఎవరు రాశారో తరవాత తేల్చుకుందాం. మిల్లు వెనక వీధుల నీళ్ళలో మురుగు కలిసింది. పిల్లలు తాగుతున్నారు. పేజీ మీ దగ్గరుంది. ఆ నీళ్ళు తాగొద్దని ఒక్క ముక్క పెట్టండి. ఇప్పుడే పెట్టండి."

పెద్దసారు మొహం ఒక్క క్షణం మాడింది. మరుక్షణం నవ్వు వచ్చి కూచుంది. అదీ ఆయన ప్రతిభ. "మిత్రులారా, ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరుకుతుందా? ఒక ఉద్యోగిని నేరుగా వచ్చి చెప్పింది. నేను మీ కళ్ళముందే స్పందిస్తున్నాను" అంటూ పీఏకు సైగ చేశాడు. హాలంతా చప్పట్లు. మురుగు నీళ్ళ కబురుకు చప్పట్లు కొట్టేవాళ్ళను గంటక్క జన్మలో చూడలేదు.

పీఏ పక్కకు పోయి ఫోను తీశాడు. గంటక్క వాడి భుజం మీదికి వంగింది. "తాగొద్దు అన్నది మొదట రాయి బాబూ. వీధులు రాయి. అంతే చాలు."

"మాకో పద్ధతి ఉంటుందక్కా. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటా."

ఆ మాట నమ్మి, మిల్లు వైపు పోయే ఆటో ఎక్కింది. మొదటి మలుపు తిరిగేలోపే ఫోను మోగింది. పోస్టు పడింది. పైన పెద్దసారు వేదిక మీద మైకు పట్టుకున్న ఫోటో. కింద గౌరవనీయులైన అంటూ మొదలైన వాక్యం. మిగతాది చూడాలంటే నొక్కాలి. గంటక్క నొక్కేలోపు కింద వరద మొదలైంది. శుభాకాంక్షలు సార్. అభినందనలు సార్. మీలాంటివారు ఉండాలి సార్. చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు. ఎవడూ నొక్కలేదు, ఎవడూ చదవలేదు. చదివి ఉంటే ఏ దౌర్భాగ్యుడు పూలగుత్తి పెడతాడు? వాటి మధ్య పసుపురంగు బాతు. "శుభాకాంక్షలు సార్." పక్కన దండం.

"తొందరగా పోనియ్యి నాయనా" అంది ఆటో అతనితో. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వచ్చింది.

మిల్లు వెనక దిగి కనపడినవాళ్ళనల్లా పిల్లల ఇల్లు ఎక్కడని అడిగింది, అడిగినవాళ్ళకల్లా నీళ్ళు తాగొద్దని చెప్పింది. "సార్ పేజీలో ఏం లేదే" అని ఒకాయన అనుమానంగా చూశాడు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గోడమీద పసుపు బాతు ఉంది. లోపల చాపలు, చిన్న చిన్న బల్లలు, తాడుమీద ఆరేసిన జుబ్బాలు. రంగురంగుల ప్లాస్టిక్ గ్లాసులు వరసగా పెట్టి, ఒక సన్నటి అమ్మాయి చెంబుతో నీళ్ళు పోస్తోంది.

"ఆపు! పొయ్యొద్దు!"

పిల్లలు ఒక్కపెట్టున ఏడుపు అందుకున్నారు. ఆ అమ్మాయి చెంబు పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఎవరండీ మీరు? పిల్లలు జడుసుకుంటున్నారు."

"నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చానమ్మా. పేజీలో నీకు జవాబులు రాసే అక్కను నేనే. ఆ నీళ్ళలో మురుగు కలిసింది, పారబొయ్యి."

ఆ అమ్మాయి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. చెదిరిన జుట్టు, ఒక కాలికి సగం తొడిగిన చెప్పు, ఆగని రొప్పు.

"మీరు ఆ అక్క కాదు" అంది. "ఆ అక్కయితే నాకు జవాబు చెప్పేది. ఎన్నాళ్ళ బట్టి అడుగుతున్నానో, పలకదు. పొద్దున కూడా అడిగా. బతికుంటే ఆ అక్క పలక్కుండా ఉండదు. పోయిందేమో అనుకుంటున్నా."

ఎవరికీ జడవని మనిషి, పెద్దసారును హాల్లో నిలేసిన మనిషి, ఆ మాటకు గోడ పట్టుకుని నిలబడింది.

"నీళ్ళు బాగాలేకపోతే సార్ పేజీలో పెట్టేవాళ్ళు కదండీ" అంది ఆ అమ్మాయి, ఈసారి కాస్త మెత్తగా. "ఇప్పుడే ఏదో పెట్టారు. చూశాను నేను."

"చూశావు. చదివావా?"

ఆ అమ్మాయి బల్లమీద ఉన్న ఫోను వైపు చూసింది.

"తెరువమ్మా. మొత్తం తెరువు. పైకి చదువు."

చెంబు కింద పెట్టి, తడిచేతులు తుడుచుకుని చదివింది. "గౌరవనీయులైన ఉద్యానవనాల శాఖాధికారి గారు నేడు జరిగిన సదస్సులో ముఖ్యవక్తగా పాల్గొని, సోషల్ మీడియా ద్వారా ప్రజలకు చేరువ కావడంపై స్ఫూర్తిదాయకమైన ఉపన్యాసం ఇచ్చారు. ఈ సందర్భంగా వారు మాట్లాడుతూ, ప్రజల మాటే తనకు ప్రాణమని అన్నారు. గతంలో నీళ్ళ శాఖలో వారు చేసిన విశేష సేవలు అందరికీ తెలిసినవే. సదస్సు మధ్యలో అందిన ఒక వినతికి వారు తక్షణమే స్పందించి సభికుల ప్రశంసలు అందుకున్నారు." ఊపిరి పీల్చుకుంది. వేలితో ఇంకా కిందికి జరిపింది. "కావున కొన్ని ప్రాంతాల వారు నేడు కుళాయి నీటిని తాగకుండా ఉండుట మంచిదని..."

అక్కడ ఆపేసింది. ఫోను మీదినుంచి కళ్ళు తీసి గది మూలకు చూసింది. గంటక్క కూడా అటు చూసింది. చాపమీద ఒక చిన్నపిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. పక్కన బేసిను, ఆ పక్కన ఆకుపచ్చ గ్లాసు, అందులో సగం నీళ్ళు.

"పొద్దుట్నుంచి వాంతులు" అంది ఆ అమ్మాయి. "నీళ్ళు తాగితే తేరుకుంటుందని నేనే పడుతున్నా. వద్దన్నా బలవంతంగా పట్టా. మళ్ళీ మళ్ళీ పట్టా." ఫోను గంటక్క వైపు తిప్పి చూపించింది. "దీనికా అక్కా, నేను దండం పెట్టింది?"

గంటక్క పోయి పిల్లను ఎత్తుకుంది. ఒళ్ళు వేడిగా ఉంది, బరువే లేదు. మిగతా పిల్లల్ని పక్కింటావిడకు అప్పగించి, డ్రమ్ము బోర్లించమని కేకేసి, ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు.

పిల్లకు సెలైను పెట్టారు. సమయానికే తెచ్చారని డాక్టరమ్మ అంది. ఆ మాట అని గదిలోంచి బయటికి వచ్చేసరికి వరండాలో ఇంకో తల్లి నిలబడి ఉంది, భుజాన పిల్లాడితో. ఆమె వెనక ఇంకొకామె. వాళ్ళ వెనక ఒక తాత, మనవడి చెయ్యి పట్టుకుని. అందరూ మిల్లు వెనక వీధుల వాళ్ళే. వాళ్ళలో ఎవరి ఫోను తెరిచినా పెద్దసారు ఫోటో కింద ఒక శుభాకాంక్ష ఉండే ఉంటుంది.

అప్పుడు గంటక్క ఫోను మోగింది. పీఏ. గొంతులో హుషారు పొంగిపోతోంది. "అక్కా, సార్ పోస్టుకు రెస్పాన్స్ అదిరిపోయింది! ఇంత స్పందన ఎప్పుడూ రాలేదు. సార్ ఏమన్నారంటే, నీళ్ళ ఆఫీసు పేజీ తరఫున కింద ఒక థాంక్స్ పెట్టమన్నారు. చూడ్డానికి బాగుంటుంది కదా."

తిట్లన్నీ గంటక్క నాలుక చివర వరస కట్టాయి. జీవితమంతా కూడబెట్టుకున్నవి, అత్తగారికి కూడా వినపడేంత గట్టివి. మంచం పక్కన పిల్ల చెయ్యి పట్టుకుని కూచున్న ఆ అమ్మాయిని చూసింది. ఆ తిట్లు తనవి కావనిపించింది. ఫోను ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"నీళ్ళు తాగినవాళ్ళ తరఫున చెప్పమ్మా థాంక్సు. సార్ మనిషి అడుగుతున్నాడు."

ఆ అమ్మాయి ఫోను చెవిన పెట్టుకుంది. సెలైను బొట్లవైపు చూసింది. తరవాత మెల్లగా, పిల్ల నిద్ర చెడకుండా అంది:

"బాబూ, సార్‌ను ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. మా పిల్లలు మంచాల మీద ఉన్నారు. వచ్చి పక్కన నిలబడమనండి. ఫోటో తీసుకుందురుగాని."

అటువైపు ఫోను పెట్టేశారు.